ఈల పట్టేంత సందు

"నా పన్ను ఏదండీ?"

స్టూడియో అబ్బాయి కంప్యూటర్ మీంచి తల ఎత్తాడు. కౌంటర్ అవతల నిన్న ఐడీ కార్డు కోసం ఫోటో దిగి వెళ్ళిన అమ్మాయి నిలబడి ఉంది. ఒక చేతిలో తడిసిన గొడుగు, ఇంకో చేతిలో ఫోటోల కవరు. గొడుగులోంచి నీళ్ళు, కళ్ళలోంచి నిప్పులు ఒకేసారి రాలుతున్నాయి.

"ఇక్కడేం పడలేదండీ," అన్నాడు, నిజాయితీగా నేలంతా వెతికి.

"పడలేదు. మీరు పీకేశారు." ఫోటో బల్లమీద పెట్టి వేలితో పొడిచింది. "ఎడమవైపు, ఇదిగో, పన్ను మీద పన్ను ఉండాలి. ఏమైంది?"

"ఓ, అదా! కొంచెం సరిచేశానండీ. ఎక్స్‌ట్రా చార్జీ కూడా వెయ్యలేదు."

"నేను చెయ్యమన్నానా?"

అనలేదు. నిజానికి ఆ ఫోటో మీద అతను అవసరానికి మించి చాలాసేపు కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడో అప్పటికి తనకే తెలియదు.

"నేను పళ్ళ ల్యాబులో టెక్నీషియన్ని. పొద్దస్తమానం పళ్ళు తయారుచేసే దాన్ని, నాది నేను సరిచేసుకోలేకనా? ఇది మా అమ్మ పన్ను. అంతకుముందు మా అమ్మమ్మది. ఇంట్లో తరతరాలుగా వస్తున్నది మీరు మౌస్‌తో ఒక్క నొక్కు నొక్కి తీసేశారు!"

"ఒరిజినల్ ప్రింటు ఇప్పుడే తీసిస్తానండీ..."

"అక్కర్లేదు. మనుషుల మొహాలు మార్చేవాళ్ళకి నా మొహం మళ్ళీ చూపించను."

ఆ కోపంలో గొడుగు తెరవడం మర్చిపోయి, దాన్ని కర్రలా పట్టుకుని వానలోకి నడిచి వెళ్ళిపోయింది. సందు చివర ఆగి, గుర్తొచ్చి, తెరిచి, వెనక్కి తిరిగి చూసింది. అతను చూస్తున్నాడని తెలిసి ఇంకాస్త కోపంగా నడిచింది.

*

స్టూడియో పై అంతస్తే అబ్బాయి వాళ్ళ ఇల్లు. స్టూడియో పెట్టింది తాతయ్య. ఊళ్ళో అందరి మొహాలకీ వెలుగు ఎటునుంచి పడితే బాగుంటుందో ఆయనకి కంఠతా వచ్చు. తన మొహం సంగతి మాత్రం పట్టించుకోలేదు. పళ్ళు ఒకదాని వెంట ఒకటి సెలవు తీసుకుంటుంటే వెళ్ళనిచ్చాడు.

చివరికి పెదవులు లోపలికి ముడుచుకుపోయాయి. బుగ్గలు గుంటలు పడ్డాయి. ముక్కూ గడ్డమూ ఏదో రహస్యం చెప్పుకోవాలన్నట్టు ఒకదానికొకటి దగ్గరికొచ్చాయి. మొత్తం మీద ఆ మొహం, దిండు తీసేసిన గలీబులా తయారైంది. అప్పటినుంచీ ఆయన కెమెరా కనిపిస్తే పేపరు అడ్డం పెట్టుకుంటున్నాడు.

వచ్చిన చిక్కల్లా నానమ్మతో.

"ఈ గోడ మీద మేమిద్దరం ఉన్న ఫోటో ఒక్కటే, పెళ్ళిది. అందులో నేను నేల చూస్తున్నాను," అంది ఆవిడ. "ఊరందరికీ ఫోటోలు తీసిన మనిషిని చేసుకుని, నేను ఆయన మొహం చూస్తున్న ఫోటో ఒక్కటి లేదు నాకు. అదొక్కటి కావాలి."

"బోతి నోతితో ఫోతోనా? థీ!" అన్నాడు తాతయ్య, పేపరు వెనకనుంచి.

"మామూలుగా దిగు తాతయ్యా, కంప్యూటర్లో పళ్ళు నేను పెట్టేస్తాను," అన్నాడు మనవడు.

నానమ్మ వాడివైపు చూసిన చూపుకి పాలు విరిగిపోతాయి. "నువ్వు పెట్టే పళ్ళతో ఆయన నాకేసి చూసి నవ్వుతారా?"

మర్నాడే ముగ్గురూ పళ్ళ డాక్టరమ్మ దగ్గర కూర్చున్నారు.

"పన్ను పోతే పన్నొక్కటే పోదు తాతగారూ," అంది డాక్టరమ్మ, ఎక్స్‌రే వెలుగులో పెట్టి. "నమిలే పని లేక దవడ ఎముక కూడా అరిగిపోతుంది. పెదవికీ బుగ్గకీ వెనక ఆసరా ఉండదు. అందుకే మొహం కుంగిపోయినట్టు కనిపిస్తుంది. అటూ ఇటూ నాలుగు పళ్ళు మిగిలుంటే వాటి ఆసరాతో బ్రిడ్జి కట్టేదాన్ని. ఎముక గట్టిగా ఉంటే అందులోనే ఇంప్లాంట్లు బిగించేదాన్ని. మీకు పైన ఎముక బాగా పల్చబడింది. ముందు దాన్ని పెంచాలి, అంటే ఆపరేషను, నెలల తరబడి..."

తాతయ్య లేచి చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

"కూర్చోండి! తీసి పెట్టుకునే సెట్టు చేయిద్దాం. చిగుళ్ళ భాగం కాస్త నిండుగా కట్టిస్తే పెదవీ బుగ్గా ముందుకొస్తాయి. కింది సెట్టు మరీ కదులుతుంటే, తర్వాత రెండు ఇంప్లాంట్లు వేసి దానికి బిగిద్దాం. ఏమంటారు?"

చెప్పులు దొరకలేదు కనుక ఆయన సరే అన్నాడు. వాటి మీద నానమ్మ పాదాలు పెట్టుకుని కూర్చుంది.

"మా టెక్నీషియన్ని పిలుస్తాను," అంది డాక్టరమ్మ. వెనక తలుపు తెరుచుకుంది. చేతి నిండా పిండిలాంటి తెల్లటి ప్లాస్టరుతో వచ్చిన అమ్మాయిని చూసి స్టూడియో అబ్బాయి చటుక్కున తాతయ్య పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

"పేపరు తిరగేసి పట్టుకున్నారు," అంది ఆ అమ్మాయి. తర్వాత తాతయ్య వైపు తిరిగి, గొంతు మార్చి, "తాతగారూ, మీకు పళ్ళున్నప్పటి ఫోటో ఒకటి కావాలి. నవ్వుతున్నది. అది చూసి పేరుస్తాను. ఎవరూ ముట్టుకోని ఫోటో," అంది. ఆ చివరి మాట పేపరుకి చెప్పింది.

*

నవ్వుతున్న ఫోటో పెళ్ళిదొక్కటే ఉంది. అబ్బాయి దాన్ని ఫ్రేములోంచి ఊడదీసి, ఈగ పెట్టిన చుక్కని కూడా తుడవకుండా, రెండు చేతుల మధ్య గాజుబొమ్మలా పట్టుకుని ల్యాబుకి తీసుకెళ్ళాడు.

ఆమె భూతద్దం పెట్టి చూసింది. వరసగా, నిండుగా, ఒకదాన్నొకటి ఆనుకుని మెరుస్తున్న పళ్ళు. "నిజంగా మీరేం చెయ్యలేదా?"

"ఒట్టండీ."

"ఈగ చుక్క ఉంది కాబట్టి నమ్ముతున్నాను."

ఆ నమ్మకం అతనికి ఎంత నచ్చిందంటే, ఇంకాస్త సంపాదించుకుందామని మర్నాడు మళ్ళీ వచ్చాడు. తాతయ్య గడ్డం కొలత ఇవ్వడానికి. ఆ మర్నాడు, ఆ కొలత దేనికో అడగడానికి. ల్యాబులో దవడల నమూనాలు నోళ్ళు తెరుచుకుని అతన్నే చూస్తుండేవి.

"మరి నా పళ్ళు ఏ షేడ్ అండీ?" అని ఒకరోజు అడిగాడు.

రంగు రంగుల పళ్ళు గుచ్చిన పట్టీ తీసి అతని నోటి పక్కన పెట్టి చూసింది. "ఇందులో లేదు. టీ షేడ్."

అతను సిగ్గుపడి నోరు మూశాడు. ఆమె నవ్వింది. నవ్వితే ఆ పన్ను మీది పన్ను కనిపించింది. అబ్బాయి కొలత మర్చిపోయాడు, దారి మర్చిపోయాడు, తలుపు అనుకుని బీరువా తెరిచాడు.

*

అసలు సెట్టు కంటే ముందు మైనం మీద పళ్ళు పేర్చి నోట్లో పెట్టి చూస్తారు. బాగుంటే ఖాయం చేస్తారు. ఆ రోజు డాక్టరమ్మ దగ్గర మైనం సెట్టు పెట్టుకున్న తాతయ్య అద్దంలో చూసుకుని, అద్దం వెనక ఎవరైనా ఉన్నారేమోనని కూడా చూశాడు. దిండు గలీబులోకి వచ్చేసింది. బుగ్గలు నిండాయి. ముక్కూ గడ్డమూ మర్యాదగా దూరం జరిగాయి.

"నానమ్మా, రా!" అని కేకేశాడు అబ్బాయి.

నానమ్మ వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని ఎదురుగా నిలబడింది. ఒకసారి ఇటునుంచి, ఒకసారి అటునుంచి చూసింది.

"ఈయనెవరు?" అంది.

మళ్ళీ ఓసారి వంగి చూసింది.

"మనిషి బాగానే ఉన్నాడు. కానీ నాకు పరిచయం లేదు. ఇంత అందగాణ్ణి నేను చేసుకోలేదమ్మా."

టెక్నీషియన్ అమ్మాయి మెల్లగా అబ్బాయి వైపు తిరిగింది. "మళ్ళీ మార్చారు."

"లేదండీ! ఒట్టు!"

"ఈగ చుక్కని కూడా మీరే పెట్టుంటారు." ఈసారి గొంతులో కోపం లేదు, అదే అతనికి ఎక్కువ గుచ్చుకుంది. "నమ్మానండీ. నమ్మి, ఒక్కో పన్నూ ఆ ఫోటో చూసి పేర్చాను."

కుర్చీలో తాతయ్య మాత్రం సీలింగు మీద ఏదో గొప్ప వింత ఉన్నట్టు పైకే చూస్తున్నాడు.

నానమ్మ అది కనిపెట్టింది. "పిల్లాణ్ణి అనకమ్మా. దొంగ ఆ కుర్చీలో ఉన్నాడు. ఏవండీ, సందేదండీ?"

"ఏ సందు?" అన్నాడు తాతయ్య సీలింగుతో.

"ముందు పళ్ళ మధ్య సందు! అందులోంచి ఈల వేసుకుంటూ రోజూ మా ఇంటి ముందు సైకిలు మీద తిరగలేదూ? ఆ ఈల విని కాదూ నేను సరేనన్నది! తీరా పెళ్ళి ఫోటోకి, నెగెటివ్ ముందేసుకుని కూర్చుని, సన్నటి పెన్సిలు ముక్కతో ఆ సందు పూడ్చుకున్నారు. కంప్యూటర్లు రాకముందే ఈ ఇంట్లో ఈ రోగం ఉందమ్మా. వీడికి తాతనుంచి వచ్చింది."

"ఆ రోజుల్లో అందరికీ దిద్దేవాణ్ణి," అని గొణిగాడు తాతయ్య. "నాకొక్కడికీ మానేస్తే ఏం బాగుంటుంది?"

డాక్టరమ్మ నవ్వాపుకోలేక, చేతులు కడుక్కునే వంకతో వెళ్ళింది.

టెక్నీషియన్ అమ్మాయి దీపం వెలిగించి, చిన్న కత్తి వేడిచేసి, మైనం కరిగించి ముందు పళ్ళు రెండూ ఒక్క పిసరు దూరం జరిపింది.

"ఊదండి తాతగారూ."

"ఫ్ఫ్ఫ్..."

"కాదు," అంది నానమ్మ. "ఇంకా చాలదు."

ఇంకో పిసరు.

"ఫ్వీఁ..."

"అది పక్కింటాయన ఈల. ఇంకొంచెం."

వీణ శ్రుతి చేసినట్టు ఆమె జరుపుతూ ఉంది, ఆయన ఊదుతూ ఉన్నాడు, బయట నొప్పి దవడలతో కూర్చున్న వాళ్ళు లోపల ఏం జరుగుతోందో తెలియక భయపడుతున్నారు. చివరికి ఒక సన్నటి, కాస్త వంకరపోయిన, చిలిపి ఈల గదంతా తిరిగింది. ఆ ఊపుకి పై సెట్టు నోట్లోంచి దూకేసింది. అమ్మాయి గాల్లోనే పట్టుకుంది.

నానమ్మ కళ్ళజోడు తీసి, శుభ్రంగా ఉన్నదాన్నే తుడిచింది. చెవుల దాకా ఎర్రబడింది.

"అదే," అంది. "ఆయనే."

*

వరండాలో వాన చూస్తూ నిలబడ్డ అబ్బాయి పక్కకి ఆమె వచ్చింది.

"సారీ. ఈసారి మీ తప్పు లేదు."

"మొదటిసారి ఉందిగా. దానికీ దీనికీ చెల్లు."

"చెల్లదు. నా ఫోటో?"

అతను చొక్కా జేబులోంచి తీశాడు. అదే ఫోటో. పన్ను మీద పన్నుతో సహా. అంచులు కొంచెం నలిగాయి.

"ఆ రోజే ప్రింటు తీశాను. మళ్ళీ మొహం చూపించనన్నారు కదా... అందుకని."

"అంత ఇష్టమైతే ఎందుకు పీకేశారు?"

"అది చూస్తుంటే పని సాగలేదండీ. తీసేస్తే సాగుతుందనుకున్నా."

"సాగిందా?"

"ఎక్కడ! ఇప్పటికీ సాగడం లేదు."

ఆమె ఫోటో చూసింది, వాన చూసింది, ఫోటో మళ్ళీ అతని జేబులోనే పెట్టింది. "ఉండనీ. ఒరిజినల్ నా దగ్గరుందిగా," అంది. మొదటిసారి అతని పళ్ళన్నీ, టీ షేడ్‌తో సహా, కనిపించాయి.

*

అసలు సెట్టు వచ్చిన ఆదివారం స్టూడియోలో తాతయ్య కుర్చీలో, నానమ్మ పక్కన. టెక్నీషియన్ అమ్మాయి ఫిట్టింగు చూడ్డానికని వచ్చింది. అంత చక్కగా తయారై ఫిట్టింగు చూడ్డానికి వచ్చేవాళ్ళు తక్కువ. ఆ మాట ఎవరూ పైకి అనలేదు.

"రెడీ," అన్నాడు అబ్బాయి.

సరిగ్గా అప్పుడే తాతయ్య ఈల వేశాడు. నానమ్మ గిరుక్కున తిరిగి ఆయన్ని చూసింది. ఫ్లాషు వెలిగింది. ఫోటో పడింది.

"రారా, ఇప్పుడు మీరిద్దరూ కూర్చోండి," అని తాతయ్య కెమెరా అందుకున్నాడు. "ఏమ్మా, వాడి పక్కన కూర్చోవడానికి అభ్యంతరమా?"

"ఫిట్టింగు చూడాలి కదండీ," అంటూ కూర్చుంది ఆమె.

తాతయ్య కెమెరాలోంచి చూసి, తల ఎత్తి, మళ్ళీ చూశాడు. "అమ్మాయ్, ఆ ఎడమవైపు పన్ను..."

"తాతయ్యా!" అని మనవడు అరిచాడు.

"ఏవండీ!" అని నానమ్మ అరిచింది.

"అరవకండర్రా! అది కనిపించేలా కొంచెం ఇటు తిరగమంటున్నాను!"

ఆమె తిరిగింది, నవ్వింది. తాతయ్య నొక్కాడు.

"వీడు కెమెరా చూడ్డం లేదే," అన్నాడు.

"చూడకపోతే మానె," అంది నానమ్మ. "నేల చూడ్డం లేదుగా. అది చాలు."