నిర్మల పతకం

అరచేతిని చెమట చదివే స్వేదగ్రాహిణి పలక మీద పెట్టించడం, పచ్చదీపం వెలగ్గానే మెళ్లో నిర్మల పతకం వేయడం, సంచులు తడిమి దొరికిన కండోమ్ పొట్లాలను జప్తు బుట్టలో పడేయడం. పొద్దుటినుంచీ కన్నమ్మకు ఇదే పని. మత్తు మాన్పించే ఆసుపత్రిలో, మానినవాళ్లను ఇంటికి పంపే మాట్లాడే యంత్రద్వారం అది. మహా మేధావి! చెమట చుక్క వాసన చూసి మనిషి శీలం చెప్పేస్తుంది. సూది మానినవాడి నెత్తురు ఊటనీరని దాని సిద్ధాంతం. ఆ నెత్తురును పరీక్షించే అవయవం మాత్రం దానికి లేదు. అంత తెలివికి అదొకటి బరువెందుకనుకున్నారు కాబోలు.

దాలయ్యకు పతకం పడింది. బయటినుంచి భార్య పైడితల్లి కమ్మీల సందున ఓ పొట్లం అందించింది.

ద్వారం గీపెట్టింది. "కండోమ్! నిర్మలులకు అనవసరం. దురుద్దేశ సూచిక. పారేయనిచో పతకం రద్దు, తిరిగి వార్డుకు."

"పారెయ్ బాబూ," కన్నమ్మ గొంతు తగ్గించింది. "పతకముంది గదా, ఇంటికెళ్లిపో."

"పతకంతోటేటి కాపురం సేసీది?" పైడితల్లి అందుకుంది. "ఒకే సూది నలుగురూ పొడుసుకున్నారు. అందులో ఒకడు ఎయిడ్సుతో పోనాడు. ఈయనకి రోగం నేదన్నారు గానీ, ఎంటనే బయటపడదంట, మూన్నెల్లకి మళ్లీ పరీక్ష సేయించుకోమన్నారు. అందాకా తొడుగు నేకుండా నా మంచం దరికి రానివ్వను."

వరసలో వెనకున్న ఎర్రన్న కిసుక్కుమన్నాడు. "ఒదినా, మందు మానీసినోడికి రోగవేటి?"

"నీ మొకం! మందుని నువ్వు మానీసినావు. రోగం నిన్ను మానీసిందేటి?"

దాలయ్య నెల్లాళ్లుగా కలగన్నది ఈ గడప దాటడమే. పొట్లం కేసి చూశాడు, పైడితల్లి కేసి చూశాడు. పొట్లం జేబులో పెట్టుకున్నాడు.

రద్దుమీట నొక్కమని ద్వారం ఆజ్ఞ. కన్నమ్మ రెండు చేతులూ కొంగులో చుట్టుకుని, "సలేస్తంది," అంది. మిట్టమధ్యాహ్నం.

దాలయ్య పతకం తీసి ద్వారం కొక్కేనికే తగిలించాడు. "అంత నమ్మకముంటే నువ్వే ఏసుకో."

ద్వారం పతకాన్ని చదివింది. వేసుకున్నవాడికి చెమట లేదు, మత్తు లేదు, కోరికా లేదు. ఇంతటి నిర్మలుడు దానికెప్పుడూ తగల్లేదు. "మీరు ఇంటికి వెళ్లవచ్చు," అని తనకు తానే చెప్పుకుని, రెక్కలు బార్లా తెరిచి, మూసుకోవడం మరిచిపోయింది.

దాలయ్య భార్య పక్కకు చేరాడు. ఎర్రన్న నవ్వడం మానేసి తన పతకం తీసి చేతిలో తూచి చూసుకున్నాడు.

"అప్పా," అన్నాడు కన్నమ్మతో, "ఆ బుట్టలో ఇంకా ఉన్నాయేటి?"

కన్నమ్మ బుట్టను కాలితో వరస ముందుకు తోసింది.