కామేశ్వరరావు గారి గేమ్‌ప్యాడ్

"ఈ గేమ్‌ప్యాడ్ కొనమని నాకు చెప్పిన మహానుభావుడు మీరే కదూ?"

ఓంకార్ గిర్రున వెనక్కి తిరిగాడు. మస్కట్‌లోని అల్ హైల్‌లో జావెద్ నడిపే కంప్యూటర్ సామాన్ల షాపు అది. కౌంటర్ మీద డబ్బా ధన్‌మని పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది ఆ అమ్మాయి. ఓంకార్ గుండె సంతోషంతో గంతేసింది. ఆమె కోపంగా ఉందన్న సంగతి ఆ తర్వాతగానీ బుర్రకెక్కలేదు.

నిజం చెప్పాలంటే, వారం రోజులుగా డ్యూటీ అయిపోగానే అజైబా నుంచి ఈ షాపుకు అతను పరుగెత్తుకొస్తున్నది ఈ అమ్మాయి మళ్ళీ కనిపిస్తుందేమోననే. ఒకరోజు మౌస్ కొన్నాడు. ఒకరోజు కేబుల్ కొన్నాడు. ఇంకోరోజు ఏమీ కొనకుండా ఏసీ కింద నిలబడి వెళ్ళిపోయాడు. జావెద్‌కు తెలుగు రాకపోయినా అసలు సంగతి ఎప్పుడో అర్థమైపోయింది.

"నేనేనండి. ఏమైంది? మంచిగ లేదా?"

"మంచిగానా? మా నాన్నగారి లారీ కప్పలా గంతులేస్తోందండీ!"

"లారీయా?"

"అవును, లారీయే. కంప్యూటర్లో లారీ నడిపే గేమ్. మీరు చెప్పిన దీంతో కాస్త నొక్కితే ఫుల్ స్పీడు, వదిలితే సున్నా. మధ్యలో ఏమీ లేదు. నిన్న సాయంత్రం ఆయన సరుకుతో సహా లారీని బోల్తా కొట్టించారు. 'ఎవడే నీకిది అంటగట్టిన దద్దమ్మ?' అని ఇల్లంతా ఒకటే తిట్లు. ఆ దద్దమ్మ పేరు ఆయనకి తెలీక బతికిపోయారు మీరు."

"ఓంకార్ అండి, నా పేరు."

"నేనడిగానా?" అంది ఆమె. కానీ పెదవి చివర నవ్వు ఒకటి రాబోయి ఆగిపోవడం ఓంకార్ చూడనే చూశాడు.

తప్పు అతనిదే. పోయిన శుక్రవారం ఆమె ఫోన్లో "అమ్మా, ఇక్కడ బోలెడు రకాలున్నాయే, ఏది తీసుకోవాలో తెలీట్లేదు" అనడం విన్నాడు. తెలుగు మాట చెవిన పడగానే ఆగలేకపోయాడు. పరాయి దేశంలో కాటుక కళ్ళ అమ్మాయి గేమ్‌ప్యాడ్ కొనడానికి వస్తే, రోజూ తుపాకుల గేములాడే కుర్రాడు నోరు మూసుకుని ఉంటాడా? అరగంట ఉపన్యాసమిచ్చి, తనకు ఇష్టమైనదే ఆమె చేతిలో పెట్టించాడు.

"మీరు ఏ గేమో చెప్పలే గదండి," అన్నాడిప్పుడు, చిన్నగా.

"మీరు అడగలేదు కదండీ!"

 సరిగ్గా అప్పుడే బయట ఉరిమింది. మస్కట్‌లో ఉరిమితే ఎవరి పని వాళ్ళు చేసుకోరు. పక్క షాపుల వాళ్ళంతా ఫోన్లు పట్టుకుని వీడియోలు తీయడానికి రోడ్డెక్కారు. చూస్తుండగానే వాన కుండపోతగా అందుకుంది.

"వాదీ ఆ గయీ. రాస్తా బంద్ హై, బేటీ," అన్నాడు జావెద్ ఫోన్ చూసుకుంటూ. ఎండిపోయి ఉండే వాగులోకి నీళ్ళొచ్చి, ఆమె ఇంటికి వెళ్ళే రోడ్డు మూసేశారట.

ఆమె నిట్టూర్చి స్టూలు మీద కూర్చుంది. కోపం కూడా వానలో కొంచెం తడిసినట్టుంది, గొంతు తగ్గింది.

"నా పేరు స్నిగ్ధ. అజైబాలో ఆర్కిటెక్ట్‌ని. మా నాన్నగారికి కుడి భుజం పట్టేసింది. కొన్నాళ్ళు కారు ముట్టుకోవద్దన్నారు డాక్టరు. పాతికేళ్ళుగా ప్రతి శుక్రవారం పక్కనున్న బర్కా ఊరి దాకా అయినా కారు నడిపి రాందే అన్నం సయించని మనిషి ఆయన. ఇప్పుడు బాల్కనీలో కూర్చుని కింద వెళ్ళే కార్లు చూస్తుంటారు. మాట్లాడరు, నవ్వరు. నాకు భయమేస్తోందండీ. ఈ లారీ గేమ్ చూపిస్తే కళ్ళు వెలిగాయి. మీ పుణ్యమా అని మళ్ళీ బాల్కనీకే వెళ్ళిపోయారు."

ఓంకార్‌కు సిగ్గేసింది. ఈసారి ఉపన్యాసం మొదలుపెట్టలేదు. ఇంకో స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"తప్పయిందండి. ఇప్పుడు అడుగుత, చెప్పుండ్రి. స్టీరింగే కొనొచ్చు గదా, గేమ్‌ప్యాడ్ ఎందుకు?"

"స్టీరింగంటే చెయ్యి పైకెత్తాలి. అక్కడే నొప్పి."

"అయితే గేమ్‌ప్యాడే కరెక్టు. ఒళ్ళ పెట్టుకొని ఆడొచ్చు. సార్‌కు ఛార్జింగ్ పెట్టుడు యాదికుంటదా?"

"ఫోన్‌కే ఉండదు."

"అయితే వైరుదే తీస్కుందాం. సార్ చెయ్యి పెద్దదా, చిన్నదా?"

స్నిగ్ధ ఒక్క క్షణం ఆలోచించి, అతని చెయ్యి పట్టుకుని తన అరచేతికి ఆనించి చూసింది. "ఇంచుమించు మీ చెయ్యంతే ఉంటుంది."

తర్వాత అడగాల్సిన ప్రశ్న ఓంకార్ మరిచిపోయాడు. జావెద్ దగ్గాడు.

వాన పడుతున్నంతసేపూ జావెద్ డబ్బాలు విప్పుతూనే ఉన్నాడు. రంగు రంగుల లైట్లు వెలిగేదాన్ని ఓంకార్ మొదటే పక్కన పెట్టించాడు.

"లైట్లు చూసి కొనొద్దు. ఈ వెనకున్న ట్రిగ్గర్ చూడుండ్రి. మెల్లగ నొక్కితే మెల్లగ పోతది, గట్టిగ నొక్కితే జోరుగ పోతది, అచ్చం కారు యాక్సిలరేటర్ లెక్క. నేను ముందు చెప్పింది మౌస్ క్లిక్ లెక్క టక్కుమంటది. తుపాకి పేల్చనీకి మంచిదే గని లారీకి పనికి రాదు."

"మరి ఈ రెండు పుల్లలూ?"

"పుల్లలు కాదండి, స్టిక్కులు! కొన్నిట్ల ఇవి అరిగితే, వేలు పెట్టకున్నా బండి ఓ పక్కకు గుంజుతది. ఇది అయస్కాంతంతోటి పనిచేస్తది, తొందరగ అరగదు. మీరే నడిపి చూడుండ్రి. నా మాట నమ్మొద్దు."

"అస్సలు నమ్మను," అంటూ స్నిగ్ధ గేమ్‌ప్యాడ్ అందుకుంది. జావెద్ కంప్యూటర్లో లారీ మెల్లగా కదిలింది, మలుపు తిరిగింది, ఒద్దికగా వెళ్ళి ఆగింది. ఆమె తలెత్తి నవ్వింది. ఇక ఆ రోజు నుంచి ఓంకార్ పని అయిపోయింది.

వాన వెలిసింది. రోడ్డు తెరిచారని జావెద్ రెండుసార్లు చెప్పాడు. ఇద్దరికీ వినపడలేదు.

ఆ శుక్రవారం గేమ్‌ప్యాడ్ బిగించిచ్చే నెపంతో ఓంకార్ వాళ్ళింటికి వెళ్ళాడు. స్నిగ్ధ తండ్రి కామేశ్వరరావు గారు అనుమానంగానే సోఫాలో కూర్చున్నారు. ట్రిగ్గర్ మీద వేలు ఆనించారు. లారీ కదిలింది. ఆయన ముఖంలో ముడతలు ఒక్కొక్కటే విప్పుకున్నాయి.

"శేషూ! ఇలా రా! బండి ఎంత స్మూత్‌గా వెళ్తోందో చూడు!"

ఆయన భార్య శేషుకుమారి గారు చీర చెంగుతో కళ్ళొత్తుకుని, ఓంకార్‌కు మరో రెండు పెసరట్లు వడ్డించారు. "ఏ ఊరు బాబూ మీది?"

"ఆర్మూర్ ఆంటీ, నిజామాబాద్ దగ్గర."

అది మొదలు శుక్రవారాలు ఆ ఇంటికే అంకితమయ్యాయి. ఆయన పక్కన ఓంకార్ క్లీనర్‌లా కూర్చునేవాడు. స్నిగ్ధ టీ తెచ్చేది. అంతా బాగానే ఉండేది కానీ ఒక్కటే చిక్కు. లారీ సాఫీగా వెళ్ళినప్పుడల్లా పెద్దాయనకు పాత గేమ్‌ప్యాడ్ గుర్తొచ్చేది.

"ఇదీ గేమ్‌ప్యాడంటే! ఆ మొదటిది చెప్పిన దద్దమ్మ గానీ నాకు దొరికితే ఉందయ్యా, గుమ్మం తొక్కనివ్వను."

ఓంకార్ గొంతులో టీ అడ్డం పడేది. స్నిగ్ధ ముఖం పక్కకు తిప్పుకుని నవ్వేది.

"చెప్పేస్తనండి," అన్నాడొకసారి లిఫ్ట్ దగ్గర.

"వద్దు బాబూ! నాన్నకి మీరంటే బాగా గురి కుదిరింది. ఆ గురి పోగొట్టుకోకండి." తర్వాత గొంతు తగ్గించి, "పోతే నాక్కూడా కష్టమే," అంది. లిఫ్ట్ తలుపులు మూసుకున్నాయి. ఆ మాటతో ఓంకార్‌కు ఆ వారమంతా కాళ్ళు నేల మీద ఆనలేదు.

పెళ్ళంటూ చేసుకుంటే ఈ అమ్మాయినే. అది ఖాయం. కానీ ఆ పెద్దాయన తలుపు వేసేస్తే? నాన్న మనసు కష్టపెట్టి స్నిగ్ధ అడుగు బయట పెట్టదు. అదీ అంతే ఖాయం.

ఇలా ఉండగా ఒక సాయంత్రం కామేశ్వరరావు గారి నుంచి ఫోన్ వచ్చింది. గొంతు కటువుగా ఉంది.

"ఓంకార్, ఒకసారి ఇంటికి రా. నువ్వు తెచ్చిన గేమ్‌ప్యాడ్ కూడా మోసం చేసిందయ్యా."

వెనకే స్నిగ్ధ మెసేజ్. 'నాన్న మళ్ళీ బాల్కనీలో కూర్చున్నారు. తొందరగా రండి.'

ఓంకార్ వెంటనే టాక్సీ పిలిచాడు. ఒక దద్దమ్మ పని దాచుకోవడమే కష్టంగా ఉంటే, ఇప్పుడు రెండోదా? టాక్సీలో కూర్చుని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు.

ఇంటికి చేరగానే అతను గేమ్‌ప్యాడ్ వైరు చూశాడు. ట్రిగ్గర్లు చూశాడు. స్టిక్కు వదిలేసి తెర మీద గుర్తు కదులుతుందేమో చూశాడు. కదల్లేదు. అంతా సవ్యంగానే ఉంది. దానికే ఇంకా భయమేసింది, తప్పు కనపడితేనన్నా సరిచేయొచ్చు.

"ఏమైతుంది అంకుల్?"

"కొత్త మ్యాప్ వేశానయ్యా. మన ఇండియా రోడ్లు. అచ్చం మన హైవేలానే ఉందని ముచ్చటపడ్డాను. ఎక్కి పట్టుమని పది గజాలు పోనివ్వదు, ఎదురుగా లారీ వచ్చి గుద్దేస్తోంది. బండిని ఇది కుడికి లాగేస్తోంది."

"ఒక్కసారి మీరు నడపుండ్రి. నేను చూస్త."

ఆయన అయిష్టంగా గేమ్‌ప్యాడ్ అందుకున్నారు. లారీ కదిలింది, హైవే ఎక్కింది. ఓంకార్ తెరకేసి కన్నార్పకుండా చూశాడు. ఎదురుగా లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ వచ్చేస్తోంది.

"అంకుల్... అంకుల్, జర ఆపుండ్రి!"

"ఏంటయ్యా?"

"మీరు రాంగ్ సైడ్ పోతున్నరు."

"నేనా? పాతికేళ్ళుగా ఒక్క ఫైన్ పడకుండా నడిపినవాణ్ణయ్యా నేను!"

"గది ఒమాన్‌ల అంకుల్. ఈడ కుడి దిక్కు పోవాలె. గిది గేమ్‌ల ఇండియా రోడ్డు. ఆడ ఎడమ దిక్కు."

 కామేశ్వరరావు గారు తెరకేసి చూశారు, తన కుడి చేతికేసి చూసుకున్నారు. మెల్లగా లారీని ఎడమకు తిప్పారు. ఎదురొచ్చిన లారీ హాయిగా పక్కనుంచి వెళ్ళిపోయింది. దాని వెనక బస్సు కూడా వెళ్ళిపోయింది.

ముందు నవ్వింది శేషుకుమారి గారు. "సొంత దేశంలో రోడ్డు మరిచిపోయి గేమ్‌ప్యాడ్‌ని తిడుతున్నారా!" తర్వాత స్నిగ్ధ పకపకా నవ్వింది. ఆఖరికి ఆయన కూడా భుజం పట్టుకుని, "అమ్మా నొప్పే" అంటూ నవ్వారు. ఓంకార్ గుండెల మీద నుంచి బండ దిగింది. ఊపిరి ఆడింది, ఒళ్ళంతా తేలికైపోయింది. ఆ తేలికలోనే నాలుక కూడా జారింది.

"పాపం, ఆ మొదటి గేమ్‌ప్యాడ్‌ని కూడా ఇలాగే అన్యాయంగా తిట్టారేమో," అన్నారు శేషుకుమారి గారు.

"అది మాత్రం చెత్తే!" అన్నారాయన.

"చెత్త కాదంకుల్! షూటింగ్ గేములకు దాన్ని మించింది లేదు. అందుకే గదా నేను స్నిగ్ధ గారికి..."

ఆగిపోయాడు. కానీ మాట ఆగలేదు, అది అప్పటికే హాలంతా తిరిగొచ్చింది. స్నిగ్ధ కళ్ళు మూసుకుంది.

"అయితే ఆ దద్దమ్మవి నువ్వా?"

"నేనే అంకుల్."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెప్తే ఇంట్లకు రానియ్యరని భయమైంది. రానియ్యకుంటే నేను స్నిగ్ధ గారిని..." ఇక దాచడానికేముంది? "మీరు ఒప్పుకుంటే పెండ్లి చేసుకుంటనంకుల్."

కామేశ్వరరావు గారు గేమ్‌ప్యాడ్ ఒళ్ళో పెట్టుకున్నారు. తెర మీద లారీ రోడ్డు పక్కన ఆగి గుడగుడలాడుతోంది.

"మొదటిసారి ఎందుకు తప్పు చెప్పావ్?"

"ఏమడగకుండ చెప్పినంకుల్."

"రెండోది ఎలా కుదిరింది?"

"అన్నీ అడిగి తెచ్చిన. మీ చెయ్యి, మీ భుజం, మీ అలవాట్లు, అన్నీ."

"మరి పెళ్ళి సంగతి మా అమ్మాయిని అడిగావా?"

ఓంకార్ ఇన్ని శుక్రవారాల్లో ఆ ఒక్క మాటా అడగనే లేదు.

"లేదంకుల్."

"మళ్ళీ అడక్కుండానే!" ఆయన తల కొట్టుకున్నారు. కానీ కళ్ళలో కోపం లేదు. "నాకేం అభ్యంతరం లేదయ్యా. నా ఇంట్లోకి నవ్వు తెచ్చినవాడివి. అది ఏమంటే అదే. వెళ్ళి దాన్నడుగు."

ఓంకార్ స్నిగ్ధ వైపు తిరిగాడు. 

"స్నిగ్ధ గారూ, నేనంటే... మీకు ఇష్టమేనా?"

స్నిగ్ధ అతన్ని ఎగాదిగా చూసింది. "మీ అమ్మగారికి ఫోన్ కలపండి."

"ముందు జవాబు చెప్పుండ్రి."

"కలపండి అంటున్నానా!"

కలిపాడు. అవతల ఆర్మూర్ నుంచి తల్లి రాజేశ్వరి గొంతు వినిపించింది. "ఏంరా బిడ్డా, గీ యాళప్పుడు చేసినవ్? తిన్నవా?"

స్నిగ్ధ ఫోన్ లాక్కుంది. అరచెయ్యి అడ్డం పెట్టి, గుసగుసగా అడిగింది. "మీ వైపు అత్తగారిని ఏమని పిలుస్తారు?"

"అత్తమ్మ అంటరు," అన్నాడు ఓంకార్ అలవాటుగా. అన్నాక అర్థమైంది. అర్థమయ్యాక అక్కడే సోఫా చేతి మీద కూలబడ్డాడు.

స్నిగ్ధ చకచకా బాల్కనీలోకి నడిచింది. "అత్తమ్మా, నేను స్నిగ్ధని, మస్కట్ నుంచి మాట్లాడుతున్నా. మీ అబ్బాయి ఇంకా తినలేదు. ఇప్పుడే పెడతాను."