పేర్లు చెరిపేసిన ప్రోగ్రాం

నేను అమ్మే సరుకు కంటికి కనబడదు. కనబడనిదాన్ని ఎవడు దొంగిలిస్తాడులే అన్న ధీమాతో బతికేవాణ్ణి. నా ముందు పెట్టిన టీ చల్లారేలోపు ఆ అమ్మాయి ఆ ధీమాని ఊడ్చేసింది.

అది బేరింగులు, బోల్టులు అమ్మే హోల్‌సేల్ కొట్టు. యజమాని ఆమె బాబాయి. స్టాకు చూసుకునే నా ప్రోగ్రాం కొనేముందు, కొట్లో కంప్యూటర్లు చూసే అన్న కూతురికి చూపించమన్నాడు. ఆమె దాన్ని విప్పే టూల్ ఒకటి నడిపి, నేను రాసిన కోడంతా తెర మీద పరిచేసింది.

"ఇది దొంగతనమండీ!" అన్నాను లేచి.

"తలుపు బార్లా తీసిపెట్టి దొంగతనం అంటారేంటి? నేను చదివితే మీ పోటీవాడు చదవలేడా? రేపు ఇదే సగం ధరకి అమ్ముతాడు. మీరు షట్టర్ దించేస్తే మా రిపేర్లు ఎవరు చూస్తారు?"

బాబాయి తలూపాడు. "తాళం వేసుకురావయ్యా. మా అమ్మాయి తియ్యలేకపోతే కొంటాను."

తాళమంటే, చదివినా అర్థం కాకుండా కోడులోని పేర్లు చెరిపి పొడి అక్షరాలు పెట్టడం. అప్పటినుంచి నేను తాళం వేసుకెళ్లడం, ఆమె తీసి చూపించడం. "పేర్లన్నీ మార్చారు గానీ, తెర మీద కనబడే మెసేజ్‌లు అలాగే వదిలేశారే! 'స్టాకు లేదు' అన్న మాట పట్టుకుని లోపలికి వచ్చేశాను" అని నవ్వేది. నేను ఓడిపోయి, ఈల వేసుకుంటూ మెట్లు దిగేవాణ్ణి. బేరం చెడినందుకు మురిసిపోయిన వ్యాపారి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

చివరికి మెసేజ్‌లూ గజిబిజి చేశాను. లోపల ప్రతి పేరూ ఎ, బి, సి. ఆమె కాసేపు చూసి చేతులెత్తేసింది. "నా వల్ల కాదు బాబాయ్, కొనెయ్."

ఆర్డర్ వచ్చింది. ఆ కొట్టుకి వెళ్లడానికి సాకు పోయింది. ఏ రకంగా లెక్కేసినా అది నష్టమే.

ప్రోగ్రాం పెట్టిన రోజే వాన. గుమ్మంలో లారీ. సరుకు దింపబోతుంటే ప్రోగ్రాం ఆగిపోయింది. తప్పు ఎక్కడో చెప్పే రిపోర్టులో 'ఎ లోని బి లోని సి' అని ఉంది, అంతే. ఏ అక్షరం వెనక ఏ పేరుందో చెప్పే ఫైలు ఒకటుంటుంది. పొద్దున ఇంకో కస్టమర్ కోసం ప్రోగ్రాం మళ్లీ తయారుచేస్తూ, ఆ ఫైలు మీదే కొత్తది రాసేశాను. నా తాళం నాకే పడింది.

"లారీ వెళ్లేలోపు నడవకపోతే నీ పెట్టె సర్దుకో" అన్నాడు బాబాయి.

ఆమె స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. తన టూల్‌తో కోడు విప్పి, తెర మీద వేలు పెట్టి, "ఇది చూడండి. ఎప్పుడూ చివరి సరుకు నుంచి మొదటికి లెక్కపెడతారు మీరు. ఇంకెవరూ అలా రాయరు. ఇది అరలోంచి సరుకు తీసే చోటు. అర ఖాళీగా ఉంటే ఏం చెయ్యాలో మీరు చెప్పలేదు" అంది.

నిజమే. ఒక్క లైను కలిపి ప్రోగ్రాం మళ్లీ తయారుచేశాను. బోల్టుల పెట్టెలు ఒక్కొక్కటే తెర మీదకి ఎక్కాయి.

"మొన్న మీ వల్ల కాదన్నారు?"

"పరాయివాడికిది అడవే. ఇన్నాళ్లూ మీ రాతే చదివినదాన్ని, పేర్లు చెరిపితే గుర్తుపట్టనా?"

"మరెందుకు ఓడిపోయారు?"

"మీరు తాళాలు చేసుకుంటూ కూర్చుంటే వ్యాపారం ఎప్పుడు చేస్తారు? వ్యాపారం లేనివాణ్ణి మా బాబాయి..." ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

జీవితంలో మొదటిసారి బేరమాడకుండా అడిగేశాను. "నన్ను చేసుకుంటారా?"

"మీ బగ్గులన్నీ నేనే పట్టాలంటే, ఇంకేం దారుంది?"

గుమ్మంలోంచి అంతా విన్న బాబాయి, తడిసిన గోనె దులుపుతూ లోపలికొచ్చాడు. "అంటే ఇద్దరూ కలిసి నా చేత కొనిపించారన్నమాట!"

నేను చటుక్కున లేచి నిలబడ్డాను.

"ఏవయ్యా, నిలబడతావేం? ఫోన్ తియ్. మీ నాన్నతో నేను మాట్లాడాలి."