కొంచెం జాలి ఉంటే

గౌడవెల్లిలో పెండ్లి బరాత్‌లకు గుర్రాన్ని పంపే పరమేశ్‌కు వానాకాలమంటేనే దడ. తొలకరి పడితే చాలు, అతని తెల్లగుర్రం అమ్మడు గోడకు మెడ రుద్ది రుద్ది జూలంతా ఊడగొట్టుకునేది. జూలు లేని గుర్రాన్ని ఏ పెండ్లికొడుకు ఎక్కుతాడు? అవ్వ ఇదంతా దిష్టేనని ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. దిష్టి పోయిందో లేదో గానీ ఇంటిల్లిపాదికీ దగ్గు పట్టుకుంది.

చివరికి శామీర్‌పేట నుంచి కొత్త పశువుల డాక్టర్ నవ్యశ్రీ వచ్చింది. కాకినాడ పిల్ల. కంటికి ఆనని దోమలు కుడితే వచ్చే ఎలర్జీ ఇదని చూడగానే తేల్చేసింది. పొద్దు గూకే వేళ బయట కట్టొద్దని, కొట్టంలో ఫ్యాన్ పెట్టమని, తలుపుకీ కిటికీకీ బాగా సన్నకన్నాల వల బిగించమని చెప్పింది. పరమేశ్ అన్నిటికీ తలూపాడు. విన్నది సగమే. మిగతా సగం ఆమెను చూడటానికే సరిపోయింది.

మర్నాడు మేడ్చల్‌లో హార్డ్‌వేర్ దుకాణాలన్నీ తిరిగాడు. అంత సన్నకన్నాల వల ఎక్కడా లేదు. దిగులుగా ఫోన్ చేశాడు.

"మేడం, ఎంత తిరిగినా జాలి దొరుకుతలేదు. మీ దగ్గర కొంచెం జాలి ఉంటే జర సూపియ్యుండ్రి."



"పరమేశ్ గారూ, పరిచయమై ఒక్కరోజే కదండీ. అప్పుడే జాలేంటండీ?"

ఇక్కడ వలను జాలి అంటారని ఆమెకు అర్థం కావడానికి పది నిమిషాలు పట్టింది. నవ్వు ఆపుకోవడానికి ఇంకో పది. రెండు రోజుల తర్వాత ఆమే ఎక్కడో సంపాదించి, స్కూటీ మీద జాలి చుట్ట వేసుకుని వచ్చింది.

ఆ తర్వాత వారం వారం వచ్చింది. మందు పూసింది, అవ్వతో కబుర్లు చెప్పింది. దసరా దాటేసరికి అమ్మడి జూలు నిగనిగలాడుతోంది. వాడకట్టంతా సంతోషించింది, పరమేశ్ తప్ప. గుర్రం బాగుపడ్డాక డాక్టర్ ఎందుకొస్తుంది? ఆ ఆలోచనతో అతనికి అన్నం సయించలేదు.

చలికాలం దోమలు తగ్గిపోతాయని, ఇక తను రానక్కర్లేదని నవ్యశ్రీ బ్యాగు సర్దుకుంది. అయితే ఇది పూర్తిగా పోయే రోగం కాదని, ఏటా వానలతో పాటే తిరగబెడుతుందని హెచ్చరించింది. ఆ మాట విని అంత మురిసిపోయిన గుర్రం ఓనర్‌ను ఆమె ఎక్కడా చూడలేదు. కానీ వానలకింకా ఎనిమిది నెలలుంది.

పరమేశ్ గుండె చిక్కబట్టుకున్నాడు. "అప్పటిదాంక నేను ఆగలేను మేడం. మీరంటే నాకు మస్తు ఇష్టం. నన్ను పెండ్లి జేసుకుంటరా?"

నవ్యశ్రీ తాపీగా హెల్మెట్ పెట్టుకుంది.

"ఆదివారం మా నాన్నగారు మీ ఇంటికి వస్తున్నారండి. ఆయనకి గుర్రాలంటే భయం. మరి ఎవర్ని చూడ్డానికొస్తున్నారో మీరే ఆలోచించుకోండి."