తూనీగ వెతికిన టికెట్

ఉద్యోగం చేసినన్నాళ్ళూ రైల్వే స్టేషన్ మైకులో బళ్ళ రాకపోకలు చదివిన గొంతు కావడంతో, అత్తగారు "లేవండి" అన్నా ఇంట్లోవాళ్ళకి ఏదో బండి ప్లాట్‌ఫారం మారినట్టే ఉంటుంది.

"బొమ్మల క్లాసుకి వెళ్ళవలసిన ప్రయాణికురాలు ఇంకా దుప్పట్లోనే ఉన్నారు," అంది ఆవిడ ఆ ఆదివారం పొద్దున, మనవరాలి మంచం పక్కన నిలబడి.

"ఈ బండి ఆలస్యంగా నడుస్తోంది నానమ్మా," అని దుప్పటిలోంచి జవాబు వచ్చింది.

వంటగదిలో కోడలు నవ్వబోయింది. నవ్వు పెదాల దాకా వచ్చి ఆగిపోయింది. తెల్లవారుతుండగా, ఇంకా ఎవరూ లేవకముందే ఆ చప్పుడు మళ్ళీ వినిపించింది మరి. హాలు చివర మూసి ఉన్న చిన్న గదిలోంచి, రెండు వేళ్ళతో కీబోర్డు మీద కొట్టే చప్పుడు. టక, టక. కాస్త ఆగడం. మళ్ళీ టక. ఆమె భర్త అలాగే కొట్టేవాడు. పదేసి వేళ్ళు ఉంచుకుని రెండింటితో పని కానిచ్చే పిసినారి అని ఆమె ఏడిపించేది.

అతను ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేసేవాడు. పొద్దున్నే ఆ గదిలో కూర్చుని చేసే పని మాత్రం వేరు. ఒక టికెట్ల సైటు ఉంది. విమానం ఎక్కవలసినవాళ్ళు ఎక్కణ్ణించి ఎక్కడికో, ఎప్పుడో, ఎందరో అందులో రాసి పెడతారు. ఏ లోకాన ఉన్నవాళ్ళో, విమానాల దారులు కొట్టినపిండి అయినవాళ్ళు, పోటీపడి చవక టికెట్ వెతికిపెడతారు. నెగ్గినవాడికి చిన్న కానుక. అందులో అతని పేరు తూనీగ. జవాబు ఏదైనా చివర్న ఒకే మాట రాసేవాడు, కిటికీ పక్కన కూర్చోండి అని. తను మాత్రం ఒక్కసారీ విమానం ఎక్కలేదు.

పోయిన వానాకాలం ఆఫీసులో బల్ల మీదే తల వాల్చేశాడు, మళ్ళీ ఎత్తలేదు. అప్పటినుంచీ కోడలు ఆ గది గడప తొక్కలేదు. అత్తగారే రోజూ దుమ్ము దులుపుతానని వెళ్ళి వస్తుంది. ఇద్దరూ ఉప్పూ పప్పూ సంగతి మాట్లాడుకుంటారు, పిల్ల చదువు మాట్లాడుకుంటారు, అతని మాట మాత్రం ఎత్తరు. పుండు మీద కట్టు విప్పితే ఏం కనిపిస్తుందోనని భయం.

ఆ చప్పుడు గురించి ఎవరికని చెబుతుంది? మతి చలించిందంటారు. వేరే దేశంలో ఉన్న అక్కకి ఫోనులో ఒక్కటే చెప్పింది, ఈ ఇంట్లో ఉండలేనక్కా అని. నువ్వు చేసే కట్టుడుపళ్ళ పని ఎక్కడైనా పనికొచ్చేదే, ఇక్కడ ల్యాబులో మాట్లాడి పెట్టాను, పిల్లని తీసుకుని వచ్చెయ్యి అంది అక్క. అత్తగారు ఆడపడుచు దగ్గర ఉంటుంది. అంతా నిర్ణయమైపోయింది, అత్తగారికి చెప్పడం తప్ప. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ముందు టికెట్ సంగతి చూద్దామని, ‘దంతం’ అనే కొత్త పేరుతో ఆ సైటులోనే అడిగింది. ఒక పెద్ద, ఒక చిన్న, ఒకవైపు టికెట్.

పిల్లని క్లాసులో దింపి వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. అత్తగారు బట్టలు ఆరేయడానికి మేడ మీదకి వెళ్ళినట్టుంది. కోడలు కుర్చీ లాక్కుని ఫోను తెరిచింది. జవాబులు వచ్చాయి. ఒకడు మూడు విమానాలు మార్పిస్తానన్నాడు. ఇంకొకడు చూపించిన చవక టికెట్‌తో పగలంతా ఏదో ఊళ్ళో బెంచీ మీద కూర్చోవాలి. మూడోది చదవబోతే కళ్ళు ముందు పేరు మీద పడ్డాయి.

తూనీగ.

‘ఒకవైపు టికెట్ కొనకండి. అదే విమానంలో రానుపోను టికెట్ అంతకన్నా చవక. తిరుగు ప్రయాణం చేయకపోయినా మిమ్మల్ని అడిగేవాళ్ళుండరు. మధ్యలో దిగాల్సిన ఊరు పగలే తగిలేలా చూశాను, పాప నిద్ర చెడదు. కిందికి దిగేటప్పుడు చెవులు పోటు పెడతాయి, చప్పరించడానికి ఏమైనా ఇవ్వండి. అసలే ఆ ఎడమ చెవి అంత మంచిది కాదు. కిటికీ పక్కన కూర్చోండి.’

పిల్ల ఎడమ చెవి సంగతి కోడలు ఎక్కడా రాయలేదు. ఆడపిల్ల అని కూడా రాయలేదు. రెండు మాటలు కొట్టింది. ‘ఎవరు మీరు?’

మూసి ఉన్న గదిలోంచి టింగుమని మోగింది.

ఆమె లేచి వెళ్ళి ఆ తలుపు తోసింది.

అతని కుర్చీలో అత్తగారు కూర్చుని ఉంది. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. దుమ్ము గుడ్డ ఒళ్ళో ఉంది. రెండు చూపుడువేళ్ళూ కీబోర్డు మీద నిలిచిపోయాయి.

"మీరా అత్తయ్యా?"

ఆవిడ చేతులు కీబోర్డు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. కోడలు ఆగలేదు.

"రోజూ పొద్దున వినిపించేది మీరేనా? నాకు పిచ్చెక్కుతోందనుకున్నాను తెలుసా మీకు? గోడకి చెవి పెట్టి ఏడ్చిన రోజులున్నాయి. చచ్చిపోయిన మనిషి పేరుతో ఉత్తరాలు రాస్తారా ఎవరైనా? ఏం పాపం చేశాను నేను?"

"అరవకు. పక్కవాళ్ళు వింటారు."

"విననివ్వండి. పిల్ల కంట పడితే ఏం చెప్పేవారు, నాన్న లోపల ఉన్నాడనా?"

అత్తగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. మైకులో పలికిన ఆ గొంతు పక్కగదికి కూడా వినపడనంత సన్నగా వచ్చింది.

"నువ్వు టికెట్ అడిగావు, చెప్పాను. ఇప్పుడు నేనడుగుతాను, నువ్వు చెప్పు. నాకు చెప్పకుండా లోకానికంతా చెప్పావేమే?"

కోడలు చూపు దించుకుంది.

"ఊరు మీ అక్కది. తేదీ చూస్తే పిల్ల బడి మూసిన మర్నాడు. పెద్ద ఒకరు, చిన్న ఒకరు. పళ్ళు చేసే పిల్ల ‘దంతం’ అని పేరు పెట్టుకుంటే పట్టుకోలేనా? ముక్కూ మొహం తెలియనివాళ్ళందరితో పాటు నేనూ చదువుకున్నాను, నా కోడలు వెళ్ళిపోతోందని. ఒకవైపు అని."

"చెబుదామనే అనుకున్నాను అత్తయ్యా."

"ఎప్పుడు, విమానం ఎక్కాకా?"

వీధిలో ఏదో బండి వెళ్ళింది. కిటికీ అద్దాలు సన్నగా వణికి ఊరుకున్నాయి. కోడలు గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఆ గది ఎలా ఉందో ఆమెకి అప్పుడే కనిపించింది. స్కేళ్ళు వాటి చోటే ఉన్నాయి. కుర్చీ మీద మాత్రం అత్తగారి నడుము నొప్పి దిండు ఉంది.

"ఎందుకు మొదలుపెట్టారిది?" అంది కోపం తగ్గిన గొంతుతో.

"వాడు పోయాక, ఆ నెలలోనే. దులుపుతుంటే ఈ కంప్యూటర్ మోగింది. ఎవరో అబ్బాయి, వాళ్ళమ్మ ఆసుపత్రిలో ఉందట, ‘తూనీగన్నా, నువ్వే దిక్కు’ అని రాశాడు. లేడని రాయడానికి వేళ్ళు రాలేదు. మనవాడి పక్కన కూర్చుని చూసినదాన్నేగా, తంటాలు పడి ఒకటి వెతికిచ్చాను. ఆ అబ్బాయి వెళ్ళాడు, తల్లిని చూసుకున్నాడు. తిరిగి ఏం రాశాడో తెలుసా?" ఆవిడ తెర వైపు చూసింది. "‘అన్నా, నువ్వు చల్లగా నూరేళ్ళు ఉండాలి’ అని."

ఆవిడ చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఇంటికొచ్చినవాళ్ళంతా పోయినవాడు పోయాడు అంటున్నారు. వీళ్ళు మాత్రం నా కొడుకుని నూరేళ్ళు బతకమంటున్నారు. ఆ మాట కోసం చేశానే. రోజుకొకసారి ఎవరో ఒకరు వాణ్ణి దీవిస్తే, ఆ పూట ముద్ద దిగేది. నీకు వినపడుతుందని తెలియదు. తెలిస్తే ఈ గదికి అప్పుడే తాళం వేసేదాన్ని."

కోడలు మోకాళ్ళ మీద మొహం దాచుకుంది. ఒకే గోడకి అటొకరు, ఇటొకరు. ఒకరు అతన్ని బతికించుకుంటూ, ఒకరు అతనికి భయపడుతూ. తలుపు తడితే సరిపోయేది.

"మరి నా టికెట్ ఎందుకు వెతికారు?" అని అడిగింది. "నేను వెళ్ళడం మీకిష్టం లేదుగా."

"లేదు. అయినా నువ్వు వెళ్తానంటే పిల్ల సుఖంగా వెళ్ళాలిగా. బెంచీల మీద పడుకోబెడతారు ఆ వెధవలు."

"రానుపోను చవకన్నది నిజమేనా?"

"నిజమే. వాడు చెప్పేవాడు, ఒకవైపు పోయేవాడి దగ్గర ఎక్కువ గుంజుతారని." ఆవిడ దుమ్ముగుడ్డ మడత పెట్టింది, విప్పింది. "అంతకన్నా కాస్త చవకగా ఒకవైపుది ఇంకొకటి దొరికింది. అది నీకు చూపించలేదు."

కోడలు తలెత్తింది. అత్తగారి మొహంలో దొరికిపోయిన చిన్నపిల్ల వాలకం చూసి, ఏడుపు మధ్యలోనే నవ్వు పొంగుకొచ్చింది. "దొంగ తూనీగ," అంది.

"ఉన్నదే చెప్పానుగా. కావాలంటే అదీ చూపిస్తాను."

"వద్దు. రానుపోనుదే కొంటాను. వెళ్ళి చూస్తాను అత్తయ్యా. అక్కకి మాటిచ్చాను, పని ఎలా ఉంటుందో చూడాలి. నచ్చకపోతే తిరిగొస్తాను. నచ్చితే మిమ్మల్ని తీసుకెళ్ళడానికొస్తాను. ఎటైనా తిరుగు ప్రయాణం తప్పదు."

"నేనెందుకే అక్కడికి? నన్ను మా అమ్మాయి దగ్గరకి పంపేద్దామనుకున్నావుగా."

"అనుకున్నాను. తప్పే. మా ల్యాబు పళ్ళు మీ నోట్లో ఉన్నాయి, మరమ్మత్తుకి నేనుండొద్దూ?"

అత్తగారు నవ్వబోయి పెదాలు బిగించింది, ఆ పళ్ళు కొంచెం వదులైనవి మరి. చెయ్యి చాచి కోడలి తల మీద వేసింది. చాలాసేపు తియ్యలేదు.

అప్పుడే మళ్ళీ టింగుమంది. ఇద్దరూ తెర వైపు చూశారు. ఎవరో అమ్మాయి తూనీగని వెతుక్కుంటూ వచ్చింది. చెల్లెలి కాన్పుకి వెళ్ళాలట, చేతిలో అంతగా లేదట, మీ పేరు నా స్నేహితుడు చెప్పాడన్నా, ఉన్నారా అని.

అత్తగారు వెనక్కి జరిగింది. "ఇక మానేస్తానులే."

"ఆమె ఎదురుచూస్తుంటుంది," అంది కోడలు. హాల్లోంచి ముక్కాలిపీట తెచ్చుకుని పక్కన వేసుకుంది. తలుపు బార్లా తీసే ఉంచింది.

అత్తగారు కళ్ళజోడు సర్దుకుంది. రెండు వేళ్ళూ చాలాసేపు గాల్లోనే ఆగాయి. తర్వాత ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ, ఇన్నాళ్ళూ రాయలేనిది రాసింది.

‘తూనీగ లేడమ్మా. పోయాడు. నేను వాళ్ళమ్మని, పక్కన వాడి భార్య ఉంది. ఎప్పటికి చేరాలో చెప్పు, ఇద్దరం కలిసి వెతుకుతాం.’