వాగుకు ఇవతలి పిన్ను

ఆ రోజు ఇంట్లో ముగ్గురున్నారు. మోకాళ్ల నొప్పులతో వసారా దిగని ముసలాయన. ఆయన కోడలు. మేడ మీద గదిలో అద్దెకుంటూ చిరుతల మీద పరిశోధన చేసే అమ్మాయి. కోడలి భర్త రోడ్డు పనికి వెళ్లి పది రోజులైంది.

కోడలి ఆరేళ్ల పాప కూడా ఉండాల్సింది. మూడు వారాల క్రితం పెరట్లోంచి చిరుత ఎత్తుకుపోయింది.

ఇప్పుడు ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో, కొండ దారిలో ఒక చిరుత చచ్చి పడి ఉంది. మెడలో, ఎక్కడ తిరుగుతుందో చెప్పే రేడియో కాలర్. పక్కనే విషం కలిపిన మాంసం. కాలర్ ఆఖరిసారి కదిలింది ఉదయం 6:10కి.

విచారణకొచ్చిన ఫారెస్ట్ రేంజర్ వసారాలో నోట్‌బుక్ తెరిచింది.

"ఆ చిరుత ఏ దారిన తిరుగుతుందో ఎవరికి తెలుసు?"

"నాకే, మేడమ్," అంది పరిశోధకురాలు. "కంప్యూటర్‌కి పాస్‌వర్డ్ ఉంది."

"అయితే కేసు మీ మెడకే చుట్టుకుంటుంది."

"ఆ పిల్లనెందుకు సతాయిస్తావు తల్లీ?" ముసలాయన అందుకున్నాడు. "నేనే పెట్టాను, రాసుకో. పులి మెడకి రేడియో కట్టారు. మా పిల్ల మెడకి కట్టలేదేం?"

"ఎన్ని చోట్ల పెట్టారు?"

"ఒక్క చోటే."

రేంజర్ రాసుకోలేదు. మాంసం మూడు చోట్ల దొరికింది. రెండు చోట్లు చిరుత నడిచే దారిలోవే. మూడోది వాగుకు ఇవతల, ఏ జంతువూ ముట్టకుండా పడి ఉంది.

పరిశోధకురాలిని వెంటబెట్టుకుని మేడ ఎక్కింది. గోడకు కొండల పటం. చిరుత ఆ వారం తిరిగిన చోట్ల ఎర్ర పిన్నులు. ఒకటి మాత్రం వాగుకు ఇవతల.

"ఇటు ఎప్పుడైనా వచ్చిందా?"

"లేదు మేడమ్. నిద్రమత్తులో తప్పు గుచ్చాను. కంప్యూటర్‌లో సరిచేశాను. ఇక్కడ మర్చిపోయాను."

"ఈ గది ఎవరు ఊడుస్తారు?"

అమ్మాయి చూపు మెట్ల మీదుగా కింద వంటింటి వైపు వెళ్లింది.

రేంజర్ అందరినీ వసారాలోకి పిలిచింది.

"విషం పెట్టినవాళ్లు పటాన్ని నమ్మారు, అందులోని తప్పుతో సహా. ఆ పిన్ను తప్పని ఈ అమ్మాయికి తెలుసు. తాతగారు మెట్లెక్కలేరు."

"నేనే," అంది కోడలు. గొంతులో కోపం లేదు, భయం లేదు. "రోజూ ఊడుస్తాను కదా. కొత్త పిన్ను ఎక్కడుందో చూసేదాన్ని."

"నోర్ముయ్యవే!" ముసలాయన అరిచాడు.

"ఎందుకులే మామయ్యా."

"బయల్దేరాలమ్మా," అంది రేంజర్.

"మామయ్యకి భోజనం పెట్టి వస్తాను." వంటింటి గుమ్మంలో ఆగింది. "ఒక్క మాట. మా పాపని తీసుకెళ్లింది అదేగా?"

పరిశోధకురాలు నేల చూపులు చూసింది. ఆ అమ్మాయి తీసిచ్చిన కాలర్ లెక్క రేంజర్ పొద్దున్నే చూసింది. పాప పోయిన సాయంత్రం 5:40కి ఈ కాలర్ అవతలి కొండ మీద ఉంది. పదకొండు కిలోమీటర్ల దూరంలో.

"అదేగా?"

అవునందామనుకుంది రేంజర్. నోట్‌బుక్ మూసింది.

"కాదమ్మా."

కోడలు తలూపింది, కూరలో ఉప్పు తగ్గిందని ఎవరో చెప్పినట్టు. లోపలికి వెళ్లి, రేంజర్ మొహం మీదే తలుపు వేసేసింది.