చెప్పని నొప్పి

"నేను డాన్స్ కోసం వచ్చానండి, పడుకోవడానికి కాదు," అంది రసజ్ఞ, చాప మీద నిటారుగా కూర్చుని.

మణికొండలో ఒక అపార్ట్‌మెంట్ పై అంతస్తు. ఆదివారం పొద్దున్నే డాన్సర్లకు మధుకర్ చెప్పే క్లాసు అది. కళ్లు మూసుకుని ఒంట్లో ఎక్కడ బిగువుంది, ఎక్కడ నొప్పుంది, ఊపిరి ఎక్కడ ఆగుతోంది అని గమనించుకోవడమే పని.

"జర పది నిమిషాలు పడుకోండ్రి మేడం. మీ ఒళ్లు ఏం చెప్తుందో వినండ్రి."

పడుకుంది. నిద్రపోయింది కూడా. లేచాక సిగ్గుపడి నవ్వుతూ, "మా మాదాపూర్ ఆఫీసులో ఈ క్లాసు పెడితే టీమంతా గురకేనండి," అంది. మధుకర్ ఆ నవ్వుకు పడిపోయాడు.

మూడో ఆదివారం వాన పట్టుకుంది. కింద టీ కొట్టు రేకుల కింద ఇద్దరూ ఇరుక్కుని నిలబడ్డారు. ఏడేళ్లప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంటున్నానని, వచ్చే నెలలోనే తన మొదటి సోలో అని చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆమె కాళ్లు తాళం వేస్తూనే ఉన్నాయి. అతని టీ చల్లారిపోయింది.

ప్రదర్శనకు వారం ముందు మధుకర్ ఒకటి గమనించాడు. క్లాసు అయ్యాక మెట్లు దిగుతుంటే, ఎడమ కాలి మీద బరువు పడ్డప్పుడల్లా ఆమె ఊపిరి బిగపడుతోంది.

"మోకాలు నొస్తుందా?"

"లేదండీ. మీరే ఊరికే పరేషాన్ అవుతున్నారు."

అబద్ధమని అతనికి తెలుసు. గట్టిగా అడిగితే ప్రోగ్రాం ఆపుకొమ్మనాలి. ఆపుకొమ్మంటే ఆమె ముఖం మాడిపోతుంది.

"సరే తియ్యండ్రి," అన్నాడు.

ఆ సోలోలో, మోకాలి మీద కూర్చుని లేవబోతూ రసజ్ఞ స్టేజీ మీదే కూలిపోయింది. లిగమెంటు తెగింది. ఆపరేషన్ చేసి, ఏడాది దాకా గజ్జె కట్టవద్దన్నారు.

మధుకర్ రెండుసార్లు దవాఖాన గేటు దాకా వెళ్లి తిరిగొచ్చాడు. మెసేజ్ రాసి చెరిపేశాడు. ఒంటి మాట వినమని ఊరందరికీ చెప్పే తాను, వినీ ఊరుకున్నాడు. క్లాసులు మానేశాడు. అలా అయిదు నెలలు గడిచాయి.

ఇక ఉండబట్టలేక ఒక సాయంత్రం ఆమె ఆఫీసు ముందుకు వెళ్లాడు. చేతికర్రతో ఒక్కో మెట్టూ దిగుతోంది రసజ్ఞ. అతన్ని చూసి ఆగింది.

"నాకు ఆ రోజే తెలుసు," అన్నాడు మధుకర్. "మీకు కోపమొస్తదని చెప్పలె. మీరంటే ఇష్టం, అందుకే నోరు మూసుకున్న."

"నా మోకాలి సంగతి నాకు తెలీదా? మీరు చెప్పినా వినేదాన్ని కాదు." ఆమె కర్రను మెట్టుకేసి నొక్కింది. "కోపం దానికి కాదండి. అయిదు నెలలు గుమ్మం వైపే చూశాను. మీరు రాలేదు."

పోయిన ఆ రోజులను ఎలా తెచ్చివ్వాలో అతనికి తెలియలేదు.

"మళ్లీ ఆడగలనంటారా?" అంది.

ఆడతారు అనేయాలని నోటిదాకా వచ్చింది. మింగేశాడు. "తెల్వదు. ఆడకపోయినా ఇగ నేను పోను."

రసజ్ఞ కర్రను ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడి చెయ్యి అతని భుజం మీద వేసింది. రెండు మెట్లు దిగారు. ఆమె ఊపిరి బిగపట్టింది.

"నొస్తుందా?"

"చాలా," అంది, కళ్లు తుడుచుకోకుండానే.

ఇద్దరూ అక్కడే, ఆ మెట్టు మీదే కూర్చున్నారు.